కరిచాక బెల్టు తీసేస్తే అది వీధికుక్క అయిపోతుందా?

సంపాదకులు గారికి నమస్కారం.

మాది రాజోలు వైపు, కాలవ గట్టును ఆనుకుని ఉన్న చిన్న ఊరు. కొంచెం కొబ్బరి తోట, అందులో అంతరపంటగా అరటి, కోకో, ఇంటి దగ్గర రెండు గేదెలు, ఇదే మా జీవనాధారం. ఈ ఉత్తరం కుక్కల మీద కోపంతో రాస్తున్నది కాదు, అది ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈమధ్య కుక్కల మాట ఎత్తితే చాలు ఊరు రెండు జట్లయిపోతోంది, అన్నం పెట్టేవాళ్లు ఒక జట్టు, కర్ర పట్టుకునేవాళ్లు ఇంకో జట్టు. నేను మాట్లాడేది ఆ తగాదా గురించి కాదు. ఇంటి యజమాని ఉండి, ఆ యజమాని చేతులు దులిపేసుకున్న జంతువు గురించి.

మొన్న సంక్రాంతి వెళ్లిన పదిహేను రోజులకి మా మనవణ్ణి కుక్క కరిచింది. వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. సాయంత్రం ట్యూషన్ నుంచి సైకిలు మీద గట్టెంబడి వస్తుంటే ఒక ఇంటి గేటులోంచి దూసుకొచ్చి పిక్క పట్టుకుంది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి వాడు సైకిలు కాలవలోకి జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని ఏడుస్తున్నాడు, సైకిలు పోతే నేను తిడతానని భయం వాడికి. పిక్క మీద నాలుగు గాట్లు, అందులో రెండు లోతుగా దిగాయి, రక్తం కారి మేజోడు కాలికి అంటుకుపోయింది.

ఆ కుక్క నాకు తెలుసు, ఊరందరికీ తెలుసు. భోగి రోజున దాని మెడకి కొత్త ఎర్ర బెల్టు, బెల్టుకి ఇత్తడి మువ్వలు కట్టి, పండక్కొచ్చిన కూతురికీ అల్లుడికీ చూపించి ఫోటోలు తీసుకున్నారు. అది గట్టు మీద నడుస్తుంటే మువ్వల చప్పుడు మా వీధరుగు దాకా వినిపించేది. పిల్లాడి కాలు కడిగే పని కోడలికి అప్పజెప్పి, ఆసుపత్రికి బండి మాట్లాడమని మా అబ్బాయికి చెప్పి, అటు వెళ్లి ఆ ఇంటాయన్ని అడిగాను, "బాబయ్యగారూ, మీ కుక్క మావాణ్ణి కరిచిందండి, దానికి టీకా వేయించారా లేదా ఒక్క మాట చెప్పండి, ఆసుపత్రిలో అడుగుతారు" అని. ఆయన కుర్చీలోంచి లేవలేదు. "అది మా కుక్క కాదండి, వీధికుక్క. ఏదో తిరుగుతూ ఉంటే మిగిలిన ముద్ద పడేస్తాం, అంతే" అన్నారు. నేను కుక్క వైపు చూశాను, అక్కడే ఆయన కుర్చీ కింద పడుకుని ఉంది. మెడలో బెల్టు లేదు. కానీ బెల్టు ఉండే చోట బొచ్చు అరిగిపోయి, వేలెడు వెడల్పున మెడ చుట్టూ చర్మం పాలిపోయి కనిపిస్తోంది. అది కరిచిన తర్వాత, నేను వాళ్ల గుమ్మంలోకి వెళ్లే లోపల, ఆ అరగంటలో బెల్టు తీసేశారు.

సంపాదకులు గారూ, నా బాధంతా ఆ అరగంట గురించే. కరవడం జంతువు చేసిన పని, దానికి తెలియదు. బెల్టు తీయడం మనిషి చేసిన పని.

ఆ బెల్టు తీసేయడం వల్ల మాకేం జరిగిందో చెబుతాను, చాలామందికి ఇది తెలియదు. కుక్క కరిస్తే ముందు చేయాల్సింది గాయాన్ని సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాల పాటు కడగడం. మా పక్కింటావిడ కారం తెచ్చింది, ఇంకొకరు సున్నం పెట్టమన్నారు, మా కోడలు చదువుకున్న పిల్ల కాబట్టి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. తర్వాత ఆసుపత్రి. రక్తం వచ్చిన గాయం కాబట్టి టీకా ఒక్కటే సరిపోదు, గాయం చుట్టూ సీరం అనే ఇంకో మందు కూడా ఇవ్వాలన్నారు, అది దగ్గరలో లేదు, పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు, వెళ్లేసరికి రాత్రి తొమ్మిదయింది. పుండులోకే సూది గుచ్చి ఆ మందు ఎక్కిస్తుంటే వాణ్ణి నేనూ మా అబ్బాయీ ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు చేతికి సూదులు. ఇవన్నీ తప్పనిసరే, కుక్క ఎవరిదైనా తప్పవు, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు జరగదు కాబట్టి ఎవరూ ఆలస్యం చేయకూడదు, అది నేను ఒప్పుకుంటాను.

అయితే డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. ఆ కుక్కని పది రోజులు కనిపెట్టుకుని ఉండండి, ఈ పది రోజుల్లో అది చచ్చిపోయినా, ప్రవర్తన మారినా వెంటనే రండి అని. పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిన రోజున దాని చొంగలో ఆ క్రిమి లేదని ధైర్యంగా ఉండొచ్చట. మరి కుక్కని పది రోజులు కట్టేసి చూడాల్సింది ఎవరు? నాది కాదన్నాయన చూడడు కదా. మా ఆవిడ చూసింది. మనవణ్ణి కరిచిన కుక్కకి పది రోజులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మా అరుగు చివర పెరుగన్నం పెట్టి, అది తిన్నదో లేదో, నీళ్లు తాగిందో లేదో చూసి, వంటింట్లో క్యాలెండరు మీద రోజుకో సున్నా చుట్టింది. ఆరో రోజు అది మధ్యాహ్నం దాకా కనిపించలేదు. ఆ పూట మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు. నేను తోటలన్నీ, బోదెల వెంట, మురుగు కాలవ దాకా వెతుక్కుంటూ పోయాను. చివరికి రేవు దగ్గర నీడలో పడుకుని ఉంది. దాన్ని చూసి నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. కరిచిన కుక్క బతికుంటే చాలు దేవుడా అని మొక్కుకునే పరిస్థితి ఏ ఇంటికీ రాకూడదు. టీకా వేయించిన కాగితం ఒకటి ఆ ఇంట్లో ఉండి ఉంటే, పోనీ మా కుక్కేనండి, మేం కట్టేసి చూస్తాం అన్న ఒక్క మాట వాళ్ల నోటి నుంచి వచ్చి ఉంటే, ఆ టెన్షన్ సగం తగ్గేది.

తర్వాత నేను ఊరుకోలేక చట్టం ఏం చెబుతుందో తెలిసినవాళ్లని అడిగి తెలుసుకున్నాను. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షను ఉంది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్రమైన గాయానికి గానీ ప్రమాదం ఉందని తెలిసీ, లేదా అజాగ్రత్తగా, తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో ఇదే 289వ సెక్షను, అప్పుడు జరిమానా 1,000 వరకే. జంతువుల సంతాన నియంత్రణ నియమాలని 2023లో కేంద్రం కొత్తవి తెచ్చింది, అందులో పెంపుడు జంతువుకి నట్టల మందు, టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అన్నీ యజమాని బాధ్యతే అని రాశారు. మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ పరిధిలో కుక్కలకీ పందులకీ లైసెన్సు తీసుకోవాలని, మెడలో టోకెను ఉండాలని కూడా నిబంధన ఉంది. మా ఊళ్లో ఒక్క కుక్క మెడలో టోకెను చూశానా అంటే చూడలేదు, పక్క ఊళ్లోనూ చూడలేదు.

ఇన్ని రాశారు కదా, మరి ఎక్కడ తెగిపోయింది? ఆ 291వ సెక్షనులోనే ఒక మాట చూడండి, "తన స్వాధీనంలో ఉన్న" అని. అంటే ముందు ఆ జంతువు ఎవరి స్వాధీనంలో ఉందో తేలాలి. బెల్టు తీసేసిన ఆయనకి ఈ సెక్షను సంగతి తెలుసో తెలియదో గానీ, ఆయన చేసింది సరిగ్గా దీన్నుంచి తప్పించుకునే పని. స్టేషనుకి వెళ్తే కుక్క ఎవరిదో రుజువేంటి అని అడిగారు. నా దగ్గర భోగి రోజు ఫోటో లేదు. ఉన్నదల్లా దాని మెడ మీద బొచ్చు లేని పట్టీ, అదీ నెల రోజుల్లో మళ్లీ మొలిచేసింది.

మన పెద్దవాళ్లకి ఈ సమస్య రాలేదు, ఎందుకు రాలేదో చెబుతాను. నా చిన్నప్పుడు మా ఊరి చెరువు పక్కన బందెలదొడ్డి ఉండేది, పరాయి చేలో పడిన పశువుల్ని తోలుకెళ్లి పెట్టే చోటు. నాలుగు వైపులా మట్టి గోడ, వాకిలికి అడ్డంగా తాటి దూలం, లోపల ఒక నీళ్ల తొట్టి. ఒకసారి మా గేదె పలుపు తెంపుకుని వెళ్లి పక్కవాళ్ల మినప చేలో పడింది, సార్వా, అంటే వానాకాలం వరి, కోతలయ్యాక చల్లిన మినుము, అప్పుడే పూతకొచ్చింది. ఆ రైతు గేదెని కొట్టలేదు, మా ఇంటి మీదకి తగువుకి రాలేదు, తిన్నగా తోలుకెళ్లి బందెలదొడ్డిలో పెట్టేశాడు. సాయంత్రం మా నాన్న వెళ్లి బందె, అంటే జరిమానా, కట్టి, మేత ఖర్చు కట్టి, రసీదు తీసుకుని తోలుకొచ్చాడు. దారి పొడుగునా మాట్లాడలేదు, నేను వెనకాలే నడిచాను. మర్నాడు పొద్దున్నే కొత్త కొబ్బరి తాడు తెచ్చి రెండు పేటలు వేసి పలుపు పేని, గుంజ కూడా మార్చాడు. మళ్లీ మా గేదె ఎవరి చేలోనూ పడలేదు. ఆ రైతు కుటుంబం, మేమూ ఇప్పటికీ ఒకరి ఇంట్లో శుభకార్యానికి ఒకరం వెళ్తాం.

ఆ దొడ్డి వెనకాల ఉన్నది 1871లో వచ్చిన క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయితే, దాని తర్వాత పందొమ్మిదేళ్లకి. ఆ చట్టంలో పశువు అంటే ఆవూ గేదే మాత్రమే కాదు, గుర్రం, గాడిద, పంది, గొర్రె, మేక, చివరికి ఏనుగు, ఒంటె కూడా. చేలో పడిన పశువుని రైతు పట్టుకుని ఇరవై నాలుగు గంటల్లోపు దొడ్డికి పంపించాలి. యజమాని జరిమానా, మేత ఖర్చు కట్టి తీసుకెళ్లాలి. వారం రోజుల్లో ఎవరూ రాకపోతే పోలీసు స్టేషనుకి తెలియజేసి, నోటీసు ఇచ్చి, దానికీ ఎవరూ రాకపోతే వేలం వేయాలి. ఇంకోటి కూడా ఉంది, మన డెల్టా వాళ్లం గుర్తుపెట్టుకోవాల్సింది. కాలవలు, మురుగు కాలవలు, గట్లు, వాటి వాలు పాడుచేసే పశువుల్ని, వాటి మీద ఊరికే తిరిగే పశువుల్ని కూడా పట్టి దొడ్డికి పంపే అధికారం ఆ కాలవల బాధ్యత చూసేవాళ్లకీ పోలీసులకీ ఇచ్చారు. గేదెలు రోజూ ఒకే చోట దిగి దిగి కాలవ గట్టు ఎలా కోసుకుపోతుందో మీరు ఏ లాకుల దగ్గరికి వెళ్లినా చూడొచ్చు. ఏటిగట్టు బలహీనంగా ఉంటే వరదప్పుడు ఏమవుతుందో లంకల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

మా బందెలదొడ్డి ఇప్పుడు లేదు. గోడలు పడిపోయాయి, కొన్నాళ్లు చెత్త పోశారు, ఇప్పుడు అక్కడ పిచ్చి తుమ్మలు లేచాయి. దొడ్డి పోయాక జరిగిందేంటంటే చేలో పడిన గేదెకి దెబ్బలు మొదలయ్యాయి. ఇంతకుముందు దొడ్డికి తోలేవాళ్లు ఇప్పుడు గొడ్డలి విసురుతున్నారు. నా కళ్లతో చూశాను, వెనక కాలు నరం తెగిన గేదెని. అంటే దొడ్డి రైతుకి ఎంత రక్షణో ఆ నోరులేని జీవానికీ అంత రక్షణ, ఈ మాట ఎవరూ అనుకోరు.

పశువుల విషయంలో ఒక మంచి కూడా జరిగింది. ఇప్పుడు ఆవులకీ గేదెలకీ చెవికి పసుపు పచ్చ పోగు వేస్తున్నారు, దాని మీద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే యజమాని పేరు, ఊరు వస్తాయి. అంటే చేలో పడిన గేదె ఎవరిదో ఇవాళ ఎవరూ దాచలేరు. పట్టుకెళ్లి పెట్టడానికి దొడ్డి లేదు, అంతే. కుక్కల విషయంలో పోగూ లేదు, దొడ్డీ లేదు. గేదెకి చేసిన పని కుక్కకి ఎందుకు చేయకూడదు? గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల పోస్టులు ఉన్నాయి, పశువుల ఆసుపత్రిలో జులై 6న, సెప్టెంబరు 28న పెంపుడు కుక్కలకి రేబిస్ టీకా ఉచితంగా వేస్తూ ఉంటారు. ఆ రెండు రోజులూ అక్కడే ఒక రిజిస్టరు పెట్టి, టీకా వేసిన కుక్కకి అక్కడికక్కడే నంబరున్న టోకెను కడితే సగం పని అయిపోతుంది. ఒక రేకు ముక్క, ఒక నంబరు, పుస్తకంలో ఒక పేరు, దీనికి పెద్ద ఖర్చేమీ లేదు.

ఇంకో రకం వదిలేయడం ఉంది, అది కరవడం కంటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మా వైపు రొయ్యల చెరువుల మీద కాపలాకి కుక్కల్ని పెంచుతారు. రొయ్యల సాగు నడిచినన్నాళ్లు మకాం దగ్గర గొలుసుతో కట్టి ఉంచుతారు, అది రాత్రంతా గట్టు మీద అరుస్తుంది, మనిషన్నవాడు కనిపిస్తే మీద పడేలా అలవాటు చేస్తారు. రొయ్యలు పట్టడం అయిపోయి చెరువు ఎండబెట్టాక కాపలా మనిషి సామాను సర్దుకుని వెళ్లిపోతాడు, కుక్కని విప్పేసి వదిలేస్తారు. మనుషుల మీద పడమని నేర్పిన కుక్క, తిండి లేకుండా, రోడ్డు మీద. అది ఎవరో స్కూలు పిల్లాణ్ణి పట్టుకుంటే ఆ రోజు అది వీధికుక్క. పట్నాల నుంచి తెచ్చిన జాతి కుక్కలదీ ఇదే కథ. మంచు దేశపు హస్కీని తెచ్చి మన మే నెల ఎండలో, రేకుల షెడ్డు కింద కట్టేసిన ఇల్లు నాకు తెలుసు. అది రోజంతా నాలిక బయటపెట్టి రొప్పుతూ ఉండేది, తర్వాత ఒకరోజు కనిపించలేదు, ఏమైందని అడిగితే "ఎవరికో ఇచ్చేశామండి" అన్నారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువుని వదిలేయడం నేరం, ఎప్పుడూ గొలుసుతో కట్టి ఉంచిన కుక్కని కాస్త తిప్పకపోవడం కూడా యజమాని నేరమే. కానీ మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 1960లో యాభై రూపాయలంటే డబ్బే, ఇవాళ దానికి ఎవరు భయపడతారు?

ఆడ కుక్కపిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఈనిన కుక్కకి ఐదారు పిల్లలు పుడితే మగవాటిని అడిగినవాళ్లకి ఇచ్చి, ఆడవాటిని గోనెసంచిలో వేసి సంత దగ్గరో, లాకుల దగ్గరో వదిలేస్తారు. వీధికుక్కలు పెరిగిపోయాయి, ప్రభుత్వం ఏం చేస్తోంది అని ఆ ఇంటివాళ్లే మర్నాడు అంటారు. వీధిలో ఉన్న కుక్కల్లో ఎన్నో ఒకప్పుడు ఏదో ఒక ఇంటి గేటు లోపల పుట్టినవే. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది, రేబిస్ ఉన్నవి, మీద పడే స్వభావం ఉన్నవి తప్ప మిగతా వీధికుక్కలకి ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలని, అన్నం పెట్టడానికి వేరే చోటు చూపించాలని. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల పట్టినవాటిని మాత్రం తిరిగి అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న చెప్పింది. అది వీధికుక్కల సంగతి, కోర్టు చెప్పింది పాటించాల్సిందే. కానీ గేటు లోపలి నుంచి కొత్త కుక్కలు వీధిలోకి వస్తూనే ఉంటే ఎన్ని ఆపరేషన్లు చేస్తే సరిపోతాయి?

పందుల గురించి రెండు మాటలు. మా మండలంలో పందుల వల్ల దాళ్వా వరి, అంటే రెండో పంట, నష్టపోయిన రైతులు ఉన్నారు, అరటి పిలకలు పెళ్లగించేస్తాయి, కొత్తగా వేసిన కొబ్బరి మొక్క మొదలు తవ్వేస్తాయి. పైగా మెదడువాపు క్రిమి పందిలో పెరిగి దోమ ద్వారా పిల్లలకి వస్తుంది, ఆ దోమ పెరిగేది నీళ్లు నిలబడిన వరి చేలల్లోనే. ఇవన్నీ మన ఊళ్లలో ఉన్నవే. అయినా పందులు పెంచుకునేవాళ్ల మీద జరిమానాలు వేసేస్తే అయిపోతుందని నేను అనను. వాళ్లకి సెంటు భూమి లేదు, దొడ్డి కట్టుకునే చోటు లేదు. పంచాయతీ ఊరికి దూరంగా కొంత పోరంబోకు చూపించి, నీళ్లు ఇచ్చి, ఆ తర్వాతే నిబంధన పెట్టాలి. మేకలవాళ్లకీ అంతే. మా ఊళ్లో అసలు తప్పించుకుంటున్నది వాళ్లు కాదు, ఎత్తయిన ప్రహరీ, ఇనప గేటు ఉన్నవాళ్లు. ఊరి పెద్దలే అలా ఉంటే మిగతావాళ్లు ఎందుకు వింటారు? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అని ఊరికే అనలేదు.

మావాణ్ణి కరిచిన తర్వాత కొంతమంది కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చి, "మావయ్యా, మీరు ఊఁ అనండి చాలు, అన్నంలో మందు కలిపి ఊళ్లో కుక్కలన్నిటినీ ఒక్క రాత్రిలో లేపేస్తాం" అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒకటి, అది నేరం, కొత్త చట్టంలో 325వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు. రెండు, ఆ అన్నం కుక్కే తింటుందని ఏముంది, కోడి తింటుంది, గేదె మూతి పెడుతుంది, ఆడుకునే పసిపిల్ల చెయ్యి పెడుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కుక్క చస్తే దానితో పాటు దాని యజమాని తప్పు కూడా పూడ్చుకుపోతుంది. ఆయన ఇంకో కుక్కని తెచ్చుకుంటాడు, ఇంకో ఎర్ర బెల్టు కొంటాడు.

అలాగే పెంపుడు జంతువుల్ని నిషేధించాలని కూడా నేను అడగడం లేదు. 2022 జులై వరదలో, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, లంకల నుంచి పడవల మీద వచ్చినవాళ్లని చూశాను. ఒక ముసలమ్మ ఒక చంకలో బట్టల మూట, ఇంకో చంకలో కుక్కపిల్లని పెట్టుకుని దిగింది. పడవ వాడు కుక్క వద్దంటే "నేనూ దిగిపోతాను బాబూ, ఇది నాది" అందిట. ఏటిగట్టు మీద టార్పాలిను కింద ఆ మూడు రోజులూ దాన్ని తాడుతో తన కాలి కడియానికి కట్టుకుని పడుకుంది, రాత్రుళ్లు ఎవరి మీదైనా అరుస్తుందేమోనని. ఆవిడకి లైసెన్సూ తెలియదు, సెక్షనూ తెలియదు. "ఇది నాది" అన్న మాట మాత్రం వరదలో కూడా వదల్లేదు.

అందుకని మా పంచాయతీకి ఒక అర్జీ ఇచ్చాను, వచ్చే గ్రామసభలో చర్చకి పెట్టమని. అందులో రాసినవి ఇక్కడా చెబుతాను, మిగతా ఊళ్లవాళ్లు కావాలంటే వాడుకోవచ్చు. ఇంట్లో మూడు నెలలు దాటిన కుక్క ఉంటే టీకా కాగితం చూపించి పంచాయతీ పుస్తకంలో పేరు రాయించాలి, టోకెను కట్టాలి. టోకెను ఉన్న కుక్క కరిస్తే సూదులకీ రానుపోను ఖర్చులకీ యజమాని బాధ్యుడు, పది రోజులు కట్టేసి చూపించాల్సింది కూడా ఆయనే. టోకెను లేకపోయినా, ఆ కుక్కకి వాళ్ల గేటు లోపల రోజూ తిండి పెడుతున్నారని ఇరుగుపొరుగు ఇద్దరు చెబితే అది వాళ్లదే అని పంచాయతీ రాసుకోవాలి. ఇది పోలీసు కేసు కోసం కాదు, ఊరి మర్యాద కోసం. ఈ మూడోదే నాకు అన్నిటికంటే ముఖ్యం, మిగతావి ఒకటి అటూ ఇటూ అయినా ఫరవాలేదు. రొయ్యల చెరువు కౌలుకి తీసుకునేవాళ్లు కాపలా కుక్కల పేర్లు కూడా రాయించాలి, చెరువు వదిలి వెళ్లేటప్పుడు వాటిని ఏం చేశారో చెప్పాలి. వినని మొండివాళ్ల మీద, నిజంగా ప్రమాదమైన జంతువుని కట్టెయ్యకపోతే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకి అర్జీ పెట్టుకోవచ్చు, ఆ జంతువుని కట్టడి చేయమని ఉత్తర్వు ఇచ్చే అధికారం ఆయనకి ఉంది. దీనికి లాయరే ఉండాలని లేదు, తెల్లకాగితం మీద మనమే రాసుకోవచ్చు.

ఇక బందెలదొడ్డి. దాన్ని మళ్లీ తెరవమని కూడా రాశాను, ఇక్కడే నాకు సాయం కావాలి. పంచాయతీలో అడిగితే "ఇప్పుడు ఎవరు నడుపుతారండీ, మేత ఎవరు వేస్తారు, రాత్రి పూట పశువు చస్తే ఎవరు జవాబు చెబుతారు" అన్నారు. అది న్యాయమైన ప్రశ్నే, దానికి నా దగ్గర సమాధానం లేదు. తూర్పున గానీ పశ్చిమాన గానీ, గోదావరి జిల్లాల్లో ఇప్పటికీ బందెలదొడ్డి నడుస్తున్న ఊరు ఏదైనా ఉంటే, దయచేసి ఆ ఊరివాళ్లు ఈ పేజీకి రాయండి. రోజుకి బందె ఎంత తీసుకుంటున్నారు, మేతకి ఎంత, పాలిచ్చే గేదె వస్తే పాలు ఎవరు పిండుతున్నారు, రాత్రి తాళం ఎవరి దగ్గర ఉంటుంది. మా గ్రామసభ లోపు మీ ఉత్తరం వస్తే దాన్ని చదివి వినిపిస్తాను.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు,
రాజోలు ప్రాంతం, కోనసీమ